బొట్టు పెట్టిన బోల్టులు

కారమడై, డ్యామ్ ఒడ్డు
అక్టోబరు 6

పీలమేడులో మోటారు షెడ్డు నడిపే అమ్మాయి జోతిమణికి, రిటైరైన మిల్లు ఫిట్టరు మునుసామి ఆశీర్వాదాలు. ఇక్కడ మనుషులందరం కులాసా. ఇంజను సంగతి ఇంకా చెప్పలేను.

ఫోను చేద్దామంటే ఈ ఒడ్డున నీ మాటలు సగం నీళ్ళలో పడిపోతాయి. అందుకే ఉత్తరం. పైగా ఈ తమిళ ఊళ్ళలో నాకు తెలిసినవాళ్ళలో తెలుగు అక్షరాలు చదవగలిగేది నువ్వూ, మా ఇంటావిడ భాగ్యమూ ఇద్దరే. భాగ్యం నా రాత చదవదు.

నువ్వు సర్వీసు చేసిన పడవ ఇంజను బస్సులో వచ్చింది. కండక్టర్ ఇరుళప్పన్ దానికి టిక్కెట్టు కూడా కొట్టాడు. పక్కనే ఒక గుడ్డసంచి. విప్పి చూస్తే పది హెడ్డు బోల్టులు, హెడ్డు కింద వేసే గ్యాస్కెట్ ఒకటి, రెండు సీళ్ళు. అన్నీ తళతళలాడుతున్నాయి, అన్నిటికీ పసుపు, కుంకుమ బొట్టు! ఇంజనులో ఉన్నవాటికి బొట్టు లేదు. నలభై ఏళ్ళు స్పానరు పట్టినవాణ్ణి, వెంటనే అర్థమైంది. ఆయుధపూజలో పెట్టిన కొత్త సామాన్లు, పెద్దవాడి చేత్తో బిగించుకోమని పంపావు. ఆ మర్యాద నాకు చాలా నచ్చింది. ఇంజను మీది హెడ్డు మూత ఊడదీసి, బొట్టు లేనివి తీసేసి, బొట్టువి బిగించాను.

ఈ ఇంజను నాకెంత ముఖ్యమో నీకు తెలియాలి. మా కులదేవత గుడి నీళ్ళకు అవతలి ఒడ్డున ఉంది. నిరుడు కార్తీక దీపానికి మా అక్క కన్నమ్మాళ్‌ను పడవలో తీసుకుపోతుంటే నడిమధ్య ఇంజను ఆగిపోయింది. చేపలవాళ్ళ పుట్టి వచ్చి లాక్కుపోయేదాకా మూడు గంటలు. అక్కకు ఎనభై ఒకటి. అప్పటినుంచి ఎవరు కనబడినా, "మా తమ్ముడు నన్ను నడినీళ్ళలో మూడు గంటలు కూకోబెట్టినాడు" అని చెబుతోందట. సిగ్గుతో ఏడాదిగా ఆమె గడప తొక్కలేదు. ఈ కార్తీక దీపానికి ఆగకుండా తీసుకుపోతేనే ఆమె మొహం చూడగలను.

ఇట్లు,
నీ మంచి కోరే మునుసామి

తా.క.: గ్యాస్కెట్ కొంచెం నల్లగా ఉంది. కొత్త మోడలు కాబోలు.

*

పీలమేడు
అక్టోబరు 8

మునుసామి తాతగారికి జోతిమణి నమస్కారాలు. ఇక్కడ క్షేమమని రాద్దామనే కాగితం తీశాను. మీ ఉత్తరం రెండోసారి చదివాక ఆ మాట రాయలేకపోతున్నాను.

తాతా, ఇంజను స్టార్టు చేయకండి! బొట్టు పెట్టినవే పాతవి. అది మా నాన్న పెట్టిన అలవాటు. ఇంజన్లలోంచి తీసేసిన సామాన్లను ఆయుధపూజ నాడు కిరసనాయిలుతో కడిగి, బొట్టు పెట్టి, దండం పెట్టి సొంతదారుకు అప్పజెబుతాం. ఇంతకాలం పనిచేసినందుకు మర్యాద. కొత్తవి ఇంకా ఏం పనిచేశాయని బొట్టు పెడతాం? సంచిలో ఒక చీటీ పెట్టి ఉండాల్సింది, అది నా తప్పే.

ఈ ఇంజను హెడ్డు బోల్టు బిగిస్తే కొంచెం సాగుతుంది. ఆ సాగడంతోనే దానికి పట్టు వస్తుంది. విప్పి మళ్ళీ బిగిస్తే అంత పట్టు రాదు. గ్యాస్కెట్ కూడా ఒకసారి నలిగిందంటే రెండోసారి సరిగ్గా కూర్చోదు. సిలిండరులోకి నీళ్ళు దిగుతాయి, నిరుడు జరిగిందే మళ్ళీ జరుగుతుంది. మీరు తీసేసిన కొత్తవి కూడా ఒకసారి బిగించి విప్పినవే కాబట్టి అవీ పనికిరావు. మరో సెట్టు ఇరుళప్పన్ చేతికి ఇస్తున్నాను.

ఇట్లు,
జోతిమణి

తా.క.: అది కొత్త మోడలు కాదు తాతా. మాడిపోయింది.

*

కారమడై
అక్టోబరు 13

అమ్మాయి జోతిమణికి, తల తిరుగుతున్న మునుసామి ఆశీర్వాదాలు.

సెట్టు అందింది. కానీ ఒక్క పూట బిగించి విప్పినది పాతదెలా అవుతుందో నాకు ఎక్కడం లేదు. మిల్లులో ఒకే బోల్టును ఇరవై ఏళ్ళు విప్పి బిగించాను, మిల్లు ఆగలేదు. నేనూ మా అక్కా ఎన్నిసార్లు పోట్లాడుకుని కలిశామో! మమ్మల్ని ఎవరూ మార్చలేదు.

సరే, నువ్వు చదువుకున్నదానివని ఇంజను మళ్ళీ విప్పాను. పాతవి పది, ఒక పూట పాతవి పది, కొత్తవి పది, మూడు పళ్ళేల్లో విడివిడిగా వసారాలో పెట్టాను. అంతలో అక్క మా ఇంటికే వస్తోందని భాగ్యం చెప్పింది. నేను పెరటి గుమ్మంలోంచి కొబ్బరితోటలోకి జారుకున్నాను.

తిరిగొచ్చేసరికి ఒకటే పళ్ళెం. "దేవుడి సామాన్లకు బొట్టు కూడా సరిగా పెట్టలేదా వీడు?" అని అక్క ముప్పై బోల్టులనూ చింతపండుతో తోమి, ముప్పైకీ బొట్టు పెట్టి వెళ్ళిపోయింది. ఇప్పుడు ముప్పై పెళ్ళికూతుళ్ళు వరసగా కూర్చున్నట్టు ఉంది. ఏది ఏదో నాకు తెలియడం లేదు. భయంగా ఉందమ్మా, చెప్పడానికి సిగ్గేముంది.

ఇట్లు,
మునుసామి

తా.క.: పాతవి సాగి ఉంటాయి కదా అని కొలిచాను. కొలిచిన ప్రతిసారీ ఒక్కోటి పొడుగుగా వస్తోంది. బోల్టులు మార్చాలా, నా కళ్ళద్దాలు మార్చాలా?

*

పీలమేడు
అక్టోబరు 15

తాతగారికి నమస్కారాలు.

దయచేసి దేన్నీ ముట్టుకోకండి. ఆదివారం మూడో సెట్టు, బిగువు కొలిచే టార్క్ స్పానరు పట్టుకుని నేనే వస్తున్నాను. నా చేత్తో బిగించి, నీళ్ళలో ఒక గంట నడిపి చూశాకే బస్సెక్కుతాను. అక్కగారి మొహం మీరు చూసే పూచీ నాది.

ఇట్లు,
జోతిమణి

తా.క.: నేను వచ్చిన రోజు వసారాలో పళ్ళేలు ఉండకూడదు. అన్నం కూడా ఆకులోనే పెట్టమనండి.

*

కారమడై
డిసెంబరు 4

బంగారం లాంటి జోతిమణికి, గెలిచి కూడా ఏమీ అర్థం కాని మునుసామి ఆశీర్వాదాలు.

నిన్న అక్కను తీసుకుని కార్తీక దీపానికి వెళ్ళొచ్చాం. పది నిమిషాలు! నువ్వు బిగించి వెళ్ళిన ఇంజను ఒక్క దగ్గు కూడా దగ్గలేదు. దారి పొడుగునా దాని మీదే చెవి పెట్టి కూర్చున్నాను, ఎక్కడా తేడా లేదు. ఒడ్డు చేరాక గర్వంగా అక్క వైపు తిరిగాను. అక్క మూతి ముడుచుకుని, "అంతేనా? అప్పుడే వచ్చేసినామా?" అంది. తిరుగు ప్రయాణంలో నా వైపు వీపు పెట్టి కూర్చుంది. ఆగితే ఊరంతా చెప్పింది, ఆగకపోతే అలిగింది. ఈ ఆడమనిషికి ఏం కావాలో నీకేమైనా తెలుసా?

ఇట్లు,
మునుసామి

తా.క.: ఆ ముప్పై బోల్టుల మూట అటక మీద లేదు. నువ్వు తీసుకుపోయావా?

*

కారమడై
డిసెంబరు 7

చక్కని పిల్ల జోతిమణికి, మునుసామి అక్క కన్నమ్మాళ్ దీవించి చెప్పేది ఏమంటే. నాకు రాసేది రాదు. నేను చెప్పేది చెప్పినట్టే మరదలు భాగ్యం రాస్తా ఉంది.

మూట నా దగ్గరే ఉండాది. ఆమా, అవును, నేనే తీసినాను. మా తమ్ముడికి చెప్పొద్దు.

నిరుడు ఇంజను ఆగినప్పుడు మూడు గంటలు వాడు నాతో మాట్లాడినాడు కన్నా. నాకు పెండ్లయి అరవై ఏండ్లు, ఒక్కనాడూ వాడు నా పక్కన అంతసేపు కూకోలేదు. అమ్మ మాకు పంచిపెట్టిన జొన్నరొట్టె మాట చెప్పినాడు, నాన్నతో తిన్న దెబ్బల మాట చెప్పినాడు, ఎండ తగలకుండా తన తువాలు నా తలకు చుట్టినాడు. ఆ సంతోషంలోనే "మా తమ్ముడు నన్ను మూడు గంటలు కూకోబెట్టినాడు" అని ఊరంతా చెప్పుకున్నాను. దాన్ని నింద అనుకుని పిచ్చోడు నా ఇంటికే రాకుండా పోయినాడు. ఆ పొద్దు నేను వస్తే పెరట్లోంచి పరిగెత్తినాడు, నేను చూడలేదనుకున్నాడు. ఈ ఏడు పది నిమిషాలే, అదీ వాడి కండ్లు ఇంజను మీదే.

నువ్వు బాగా చేసినావు, తప్పు నీది కాదు. ఈ ముప్పైలో నిరుడు మమ్మల్ని ఆపిన పదీ ఏవో చూసి చెప్పు. వచ్చే ఏడు అవే కావాల.

ఇట్లు,
కన్నమ్మాళ్ (వేలిముద్ర)

తా.క.: జోతిమణీ, ఇది భాగ్యం సొంతంగా రాస్తున్నది. బోల్టుల జోలికి పోవద్దు, ఇంజను పాడవుతుంది. వచ్చే ఏడు పెట్రోలు పోసేది నేనే. సగమే పోస్తాను. మూడు గంటలకు సరిపడా చింతపండు అన్నం మాత్రం కట్టి ఇస్తాను.