ఇరవై రెండు లేబుళ్లు, ఒక కుర్చీ

3వ తేదీ, ఆదివారం. ఉదయం 7:10

నిర్ణయం తీసుకున్నాను. అందుకే డైరీ.

అత్తయ్య కాచే చెక్క పాలిష్‌కి కొత్త లోగో, కొత్త లేబుల్ నేనే తయారు చేస్తాను. రెండు వారాల్లో. ఒక్కదాన్నే!

సంగతి ఇది. మామయ్యగారు ఇంటి వెనక షెడ్డులో కుర్చీలు, బల్లలు బాగుచేసేవారు. తేనెమైనం, నూనె కలిపి పాలిష్ కూడా కాచేవారు. పేరు ‘నిగనిగ’. ఆయన పోయి ఏడాది దాటింది. అత్తయ్య పది నెలలు ఆ షెడ్డు తాళం తీయలేదు. తొమ్మిదైనా మంచం దిగేవారు కాదు. రెండు నెలల కిందట ఒక రోజు తాళం తీశారు, మైనం కరిగించారు. అప్పటినుంచి ఆరింటికే లేస్తున్నారు. ఎందుకని నేను అడగలేదు. అడిగితే మానేస్తారేమోనని భయం.

నిన్న ఇంటి సామాన్ల దుకాణం ఆవిడకి ఒక డబ్బా చూపించాను. మూత తీసి వాసన చూసింది. తన కౌంటర్ మీదే రుద్ది చూసింది.

“సరుకు బ్రహ్మాండం. ఒక అర ఖాళీ చేసిస్తాను, నలభై డబ్బాలు పెట్టుకోండి. కానీ ఈ లేబుల్ వద్దు. పాతకాలపు అందం ఉండాలి, చూడగానే కొత్తగానూ ఉండాలి. పదహారో తేదీకల్లా తెండి. లేదంటే ఆ అర కొవ్వొత్తుల వాళ్లకి ఇచ్చేస్తాను.”

“అదెంత పనండీ, నేనే చేసేస్తాను” అన్నాను. ఎందుకన్నానో తెలియదు. నోరు జారింది.

నియమాలు:
1. రోజూ సాయంత్రం ఆరు నుంచి ఏడు.
2. అక్షరాలు రెండు రకాలే. రంగులు రెండే.
3. ఎవరి అభిప్రాయమూ అడగను. అడిగామా, పని చెడిందే.
4. పద్నాలుగుకి పూర్తి. పదిహేనున ప్రెస్సుకి.

మా ఆయన చదివి, “ఈత నేర్చుకుంటానన్నప్పుడు కూడా నాలుగే రాశావు” అన్నారు. పట్టించుకోలేదు.

4వ తేదీ, సోమవారం. సాయంత్రం 6:00 (కచ్చితంగా!)

పాత లేబుల్‌ని పరిశీలించాను. గోధుమరంగు కాగితం. చుట్టూ తీగలు, తీగలకు ఆకులు, ఆకుల మధ్య మళ్లీ తీగలు. కింద బొద్దు అక్షరాలతో ‘నిగనిగ’. మధ్యలో కుర్చీ బొమ్మ. కుర్చీకి మూడే కాళ్లు. నాలుగో కాలు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

“ఇది కుర్చీయా, మేకా?” అన్నాను.

“చిన్నప్పుడు నేను దాన్ని కూర్చుని ఉన్న కుక్క అనుకునేవాణ్ని” అన్నారు మా ఆయన.

ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. వంటింట్లో అత్తయ్య గిన్నెలు తోముతున్నారు.

నిర్ణయం: తీగలు ఉంటాయి. కుర్చీ ఉండదు.

5వ తేదీ, మంగళవారం. సాయంత్రం 6:00 – 8:15

మొదటి లేబుల్ తయారు! మా ఆయన లాప్‌టాప్‌లో చేశాను. పాత తీగలు, వాటి మధ్య సన్నని కొత్త అక్షరాలు. అద్భుతం. నాలో ఇంత కళ ఉందని ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేం?

పదకొండు రోజులు మిగిలాయి. మిగిలిన రోజులు ఏం చేయాలో తోచడం లేదు.

6వ తేదీ, బుధవారం. ఉదయం 6:30

పొద్దున్నే లేచి మళ్లీ చూశాను. అద్భుతం కాదు. రెండో లేబుల్ మొదలు.

7వ తేదీ, గురువారం. మధ్యాహ్నం 1:30, భోజన విరామం

కళ్లజోళ్ల దుకాణంలో చూపు పరీక్ష చేయడం నా ఉద్యోగం. పదహారేళ్లుగా జనం చేత అక్షరాలు చదివిస్తున్నాను. ఇన్నాళ్లకి ఆ అనుభవం పనికొచ్చింది. గోడ మీది అక్షరాల పట్టీ కింద ఆరో లేబుల్ అంటించాను.

చదివినవారు: పదకొండు మంది.
‘నిగనిగ’ అన్నవారు: ముగ్గురు.
‘నగనగ’ అన్నవారు: ఏడుగురు. (ని మీది గుడి పై తీగలో కలిసిపోయింది.)
“అమ్మా, ఎక్కడుంది?” అన్నవారు: ఒకరు.

ఒకాయన, “నగలు మెరిపించే పాలిషా? మా ఆవిడకి రెండు డబ్బాలు ఇవ్వండి” అన్నారు. చెక్క పాలిష్ అని చెబితే నొచ్చుకున్నారు. మా యజమాని లోపలికి పిలిచి, పట్టీ కింద ఇంకేమీ అంటించవద్దని చెప్పారు.

గమనిక: మూడో నియమం చెక్కుచెదరలేదు. ఇది అభిప్రాయం అడగడం కాదు. కంటి పరీక్ష.

9వ తేదీ, శనివారం. సాయంత్రం 6:40

తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగు లేబుళ్లు బల్ల మీద పరిచాను. మా ఆయన అటుగా వెళ్తుంటే ఆపాను. అడగలేదు, ఆపానంతే.

“బాగుంది” అన్నారు.

“ఏది?”

“అన్నీ.”

“అన్నీ ఎలా బాగుంటాయి? చూడకుండానే చెబుతున్నారు.”

“సరే, రెండోది బాగాలేదు.”

“రెండోదానికేమైందట?”

ఆయన చెప్పులేసుకుని బయటికెళ్లిపోయారు. రెండోదే నాకు బాగా నచ్చింది. ఇప్పుడు నచ్చడం లేదు.

10వ తేదీ, ఆదివారం

తలనొప్పి. సెలవు.

11వ తేదీ, సోమవారం

పని చేయలేదు. కానీ బల్ల సొరుగు సర్దాను. శుభ్రమైన సొరుగు ఉంటే ఆలోచనలు వస్తాయి. సొరుగులో ఈత దుస్తులు దొరికాయి. వాటి ధర చీటీ కూడా ఇంకా తీయలేదు.

రంగులు ఇప్పటికి ఐదు. అక్షరాలు నాలుగు రకాలు. రెండో నియమం గురించి తీరిగ్గా ఆలోచిస్తాను.

12వ తేదీ, మంగళవారం. సాయంత్రం 5:50

నిన్న రాత్రి నిద్ర పట్టక ఒకేసారి ఏడు లేబుళ్లు చేశాను. పద్దెనిమిదో లేబుల్‌లో అన్నీ తీసేశాను. తెల్ల కాగితం, ఒక సన్న గీత, చిన్న అక్షరాలు. ఎంత ప్రశాంతంగా ఉందో! దుకాణం ఆవిడకి పట్టుకెళ్లాను. అభిప్రాయం కోసం కాదు, దారిలోనే కదా అని.

“మాత్రల డబ్బాలా ఉందండీ” అంది.

చేతిసంచిలోంచి పంతొమ్మిదోది తీశాను. అందులో తీగలు, ముద్రలు, వంపు తిరిగిన అక్షరాలు అన్నీ ఉన్నాయి.

“ఇది ఇల్లమ్మిన దస్తావేజులా ఉంది.”

“రెండూ కలిపితే?”

ఆవిడ నా వంక జాలిగా చూసింది. కొవ్వొత్తుల వాళ్లు నిన్న వచ్చి అర కొలుచుకుని వెళ్లారట.

13వ తేదీ, బుధవారం. సాయంత్రం 7:30

ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు. మూడింటినీ చేసింది ముగ్గురు వేర్వేరు మనుషులని, ఆ ముగ్గురికీ ఒకరంటే ఒకరికి పడదని అనిపిస్తోంది.

నియమాలున్న పేజీ చించేశాను. లాప్‌టాప్ మా ఆయనకి తిరిగిచ్చేశాను.

అత్తయ్యకి చెప్పాలి. అర దొరకదని తెలిస్తే మళ్లీ షెడ్డుకి తాళం పడుతుందేమో. మాట ఇచ్చినదాన్ని నేను. నలభై డబ్బాలు నింపి వరసగా పేర్చుకున్నది ఆవిడ.

14వ తేదీ, గురువారం. సాయంత్రం 6:00

షెడ్డులోకి వెళ్లాను. అత్తయ్య కరిగిన మైనాన్ని డబ్బాలో పోస్తున్నారు. ఒక్క చుక్క బయట పడలేదు.

“అత్తయ్యా, నా వల్ల కాలేదు. దుకాణం ఆవిడకి రేపు చెప్పేస్తాను.”

ఆవిడ తలెత్తలేదు. “కుర్చీ ఎందుకు తీసేశావు అమ్మాయ్?”

“దానికి మూడే కాళ్లు కదండీ. ఎవరో తప్పు వేశారు.”

“తప్పేం కాదు. నేనే వేశాను.”

నేను బల్ల మీద కూర్చుండిపోయాను.

పెళ్లికి ముందు అత్తయ్య వాళ్ల బాబాయిగారి అచ్చు ప్రెస్సులో పనిచేసేవారట. లేబుళ్లకి బొమ్మలు గీయడం, చెక్క దిమ్మల మీద చెక్కడం ఆవిడ పని. పాతికేళ్ల మామయ్యగారు వచ్చి, పాలిష్ డబ్బా మీదికి కుర్చీ బొమ్మ కావాలన్నారు.

“వేసిచ్చాను. వీపు వంకరగా ఉందన్నారు. సరిచేశాను. మర్నాడొచ్చి చేతులు పొట్టిగా ఉన్నాయన్నారు. అవీ సరిచేశాను. అలా ఏడుసార్లు తిరిగారు.”

“ఏడు తప్పులున్నాయా?”

“ఒక్కటీ లేదు. కుర్చీలు చేసే మనిషి, ఆయనకి తెలీదా? ఎనిమిదోసారి చెప్పడానికి ఏ వంకా దొరకలేదు పాపం. బొమ్మ పట్టుకుని అలా నిలబడిపోయారు. నాకే జాలేసి, రబ్బరు తీసుకుని ఒక కాలు చెరిపి ఇచ్చాను.”

“ఎందుకండీ?”

“మళ్లీ రావాలిగా.”

ఆవిడ మూత పెట్టి గట్టిగా నొక్కారు.

“వచ్చారా?”

“మర్నాడు పొద్దున్న ప్రెస్సు తలుపు తీయకముందే వచ్చి నిలబడ్డారు. ఇంకేం దిద్దక్కర్లేదు, మూడు కాళ్లతోనే అచ్చెయ్యమన్నారు. చెప్పి, అక్కడే నిలబడ్డారు. అప్పుడు మా బాబాయి వచ్చి, ‘బాబూ, కూర్చో, మాట్లాడుకుందాం’ అన్నాడు.”

అప్పుడు నాకు నాలుగో తేదీ గుర్తొచ్చింది.

“అత్తయ్యా, ఆ రోజు మేమిద్దరం మేక అని...”

“విన్నాను. మేకైతే నాలుగు కాళ్లూ వేసేదాన్ని.”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను. ఈ పన్నెండు రోజుల్లో పదకొండు మంది అపరిచితుల్ని, మా ఆయనని, దుకాణం ఆవిడని అడిగాను. ఈ ఇంట్లో ఈ పని తెలిసిన ఒకే ఒక్క మనిషిని అడగలేదు.

“మళ్లీ వేస్తారా, అత్తయ్యా?”

“చెయ్యి వణుకుతోందమ్మా. నలభై ఏళ్లయింది.”

“వణకనివ్వండి.”

చేతులు తుడుచుకున్నారు. మామయ్యగారు కొలతలు గీసుకునే లావు పెన్సిలు తీశారు. కాగితం మీద పెట్టిన పెన్సిలు ఎత్తకుండా, ఒకే గీతతో కుర్చీ వేశారు. అరనిమిషం పట్టిందేమో. గీత సన్నగా వణుకుతూ పోయింది. తీగల్లేవు, ఆకుల్లేవు. నా ఇరవై రెండింటి కన్నా కొత్తగా ఉంది.

మూడు కాళ్లు వేసి ఆపేశారు. నాలుగోదాని కోసం ఎదురు చూశాను.

“వేస్తే మళ్లీ ఎవరొస్తారు?” అని పెన్సిలు పక్కన పెట్టేశారు. బల్ల కింద రేకు పెట్టెలోంచి ‘నిగనిగ’ అని చెక్కిన పాత అక్షరాల దిమ్మ తీసి, గుడ్డతో తుడిచి, నా చేతిలో పెట్టారు.

15వ తేదీ, శుక్రవారం. ఉదయం 11:00, ప్రెస్సులో

పాత దిమ్మ అక్షరాలు కింద, కొత్త కుర్చీ పైన, చుట్టూ తెల్ల కాగితం ఖాళీగా. ప్రెస్సాయన చూసి, “ఎవరు చేశారో గానీ చేయి తిరిగిన మనిషండీ” అన్నాడు.

ఇందులో నేను చేసినది: ‘ఎండ తగలని చోట ఉంచండి’ అనే వాక్యం. ప్రెస్సాయన ‘ఎండ తగలనివ్వకండి’ అని మార్చాడు. పొడుగైందట.

16వ తేదీ, శనివారం. సాయంత్రం 6:30

నలభై డబ్బాలు అరలో పెట్టేశాం. అత్తయ్య స్వయంగా వచ్చారు. దుకాణం ఆవిడ ఒక డబ్బా చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పింది.

“ఇదే నేనడిగింది! ఎవరు చేశారు?”

నేను నోరు తెరిచాను. ఒక్క క్షణం. నిజంగా ఒక్క క్షణమే.

“మా అత్తయ్య.”

“లేదమ్మా, కష్టమంతా అమ్మాయిదే. ఇరవై రెండు చేసింది” అన్నారు అత్తయ్య. మొహంలో నవ్వు లేదు. పొగిడారో, లెక్క చెప్పారో తెలియలేదు.

ఇంటికొస్తూ దారిలో నా చేయి పట్టుకున్నారు. రోడ్డు దాటడానికి అనుకున్నాను. దాటాక కూడా వదల్లేదు.

17వ తేదీ, ఆదివారం. ఉదయం 6:20

దుకాణం ఆవిడ నిన్న రాత్రి ఫోన్ చేసింది. తోలు సంచులకి, చెప్పులకి కూడా పాలిష్ ఉంటే చిన్న సీసాల్లో పెడతానంటోంది. కొత్త లోగో, కొత్త లేబుల్ కావాలి. నెల గడువు. సరేనన్నాను.

ఇంతవరకు జరిగినది అనుభవం కింద లెక్క. ఎక్కడ పొరపాటు చేశానో ఇప్పుడు స్పష్టంగా తెలుసు. గంట చాలలేదు. ఈసారి రోజూ ఆరు నుంచి ఏడున్నర. ఒకే రంగు. ఒకే రకం అక్షరాలు. ఎవరినీ అడిగేది లేదు. మొదటి నుంచి చివరిదాకా నేనొక్కదాన్నే!

షెడ్డులోకి వెళ్లి అత్తయ్యకి కూడా చెప్పేశాను.

“మంచిది అమ్మాయ్” అన్నారు, పెన్సిలు చెక్కుకుంటూ.