షబానా టీసీ

బుధవారం, నారాయణఖేడ్

షబానా ఈ రోజు నేను పాఠాలు చెప్పే ఇస్లామియా బడి నుంచి టీసీ తీసుకుంది. సర్కారు గురుకులంలో సీటొచ్చింది. అక్కడ తిండి, చదువు అన్నీ ఉచితం. మా బడికి సర్కారు సాయం లేదు, ఫీజులతోనే నడుస్తుంది.

"గురుకులం సంగతి ఎవరు చెప్పిండ్రు?" అని బడి నడిపే ఆపా అడిగింది.

షబానా తల్లి నా వైపు చూసి, "ఎవరో చెప్పిండ్రు ఆపా" అంది.

చెప్పింది నేనే. తెలివైన పిల్ల, బాగుపడాలనుకున్నాను. అది తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ ఆపా ముందు తలొంచుకుని రిజిస్టర్‌లో షబానా పేరు కొట్టేశాను.

వాళ్లు వెళ్లాక ఆపా నా చెయ్యి పట్టుకుంది. "ఇట్ల ఒక్కొక్కరే పోతే బడి మూతపడ్తది టీచరమ్మా. నువ్వన్న నాతోని ఉండు."

"ఉంట ఆపా" అన్నాను.

రేపు మా బడిలోనే చదివే నజ్మా వాళ్లమ్మ కూడా గురుకులం గురించి అడగడానికి మా ఇంటికొస్తానంది. ఏం చెప్పను...