తిథినాడు కొండల మీద

శనివారం రాత్రి, నేపర్‌విల్

బుజ్జమ్మా, ఇవాళ మీ ఆయన లాప్‌టాప్ ముందు కూర్చుని, క్రీట్ దీవిలో ఎక్కబోయే కొండదారులు చూసుకుంటున్నాడు. ఫోన్‌లో స్నేహితుడితో, "ఈసారి టఫ్ ట్రైల్సే పెట్టరా. ఆయాసమని మధ్యలో కూలబడేవాళ్ళు ఎవరూ లేరుగా" అని నవ్వాడు. నీ గురించే. నేను పక్కనే చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను.

ఫోన్ పెట్టేశాక అడిగాను. "అమ్మాయి సంవత్సరీకం నీ ప్రయాణంలోనే వస్తోంది కదా బాబూ?"

"లేదత్తయ్యా, డేట్ చూసుకునే బుక్ చేశాను. అది అయ్యాకే ఫ్లైట్."

"తేదీ కాదు బాబూ, తిథి చూడాలి. అది తరవాతి వారం వచ్చింది."

"అయితే ఆ కొండ మీదే ఓ దణ్ణం పెడతాలెండి. వ్యూ కూడా బావుంటుంది."

భర్త పెడితేనే నీకు అందుతుందట, తల్లి పెట్టకూడదట. ఈ మాట పుట్టించినవాళ్ళు బిడ్డను కని ఉండరు. అతను ఆ కొండల్లో కాలు జారితే బాగుండునని అనుకున్నాను. పాపమే, అయినా ఇక్కడ రాసింది కొట్టేయను.

ఆ రోజు మంత్రం లేకపోయినా నేనే వండి పెరట్లో ఆకు వేస్తాను. అతని కోసం చూడకుండా కడుపునిండా తినమ్మా.