మూడు రోజులు కదపకూడని పచ్చడి

అత్తయ్యగారూ,

మీరు పోయాక ఈ ఏడు పండుమిరప పచ్చడి నేనే పట్టాను. అందులో కాస్త మా కాలేజీ ల్యాబుకు తీసుకెళ్లి, ఎంత తేలిగ్గా జారుతుందో కొలిచే మిషన్లో పెట్టాను. కొలిచినప్పుడల్లా వేరే అంకె వచ్చింది. అప్పుడు మీరు గుర్తొచ్చారు.

తొక్కిన పండుమిరప జాడీలో మూడు రోజులు ఊరాలని మీరంటే, నేను రోజూ గరిటె పెట్టి కలిపేదాన్ని. "కదపమాకమ్మా. కదిపితే జావైపోద్ది. వదిలేస్తే దానంతటదే బిగుసుకుద్ది," అనేవారు. "చదువూ సంధ్యా లేకుండా మీకేం తెలుసండీ," అన్నాను ఒకసారి, చుట్టాల ముందే. మీరు గరిటె కడిగి పెట్టి లోపలికెళ్లారు.

ఇవాళ మిషన్లో పచ్చడిని గంటసేపు ముట్టుకోలేదు. మిషన్లో వేసేటప్పుడు చెదిరిన మిరప నలుసులు ఆ గంటలో మళ్లీ ఒకదాన్నొకటి పట్టుకుని వలలా అల్లుకుంటాయి. ప్రతిసారీ గంట ఆగి కొలిస్తే, ప్రతిసారీ అదే అంకె.

"ఆగి చూడాలని మీకెలా తట్టింది మేడం?" అని ఒక విద్యార్థిని అడిగింది.

"ఎక్కడో చదివాన్లే," అన్నాను.

మీకు అక్షరం రాదు. మీరుంటే ఈ ఉత్తరం నేనే పక్కన కూర్చుని చదివి వినిపించాల్సి వచ్చేది. "ఎక్కడో చదివాన్లే" అన్న మాట దగ్గర నేను ఆగిపోయేదాన్ని. "ఆగావేంటమ్మా, తర్వాత?" అని మీరు అడిగేవారు.