కోటేశ్వరరావు గారి ఓటమి ప్రచారం

ప్లెయిన్స్‌బరో, న్యూజెర్సీ
జనవరి

మహారాజశ్రీ తెలుగు మిత్రమండలి అధ్యక్షులు కోటేశ్వరరావు అంకుల్ గారికి, ఎన్నికల అధికారి హర్షిత్ వినయంగా నమస్కరించి వ్రాయునది.

మిషిగన్‌లో ఎవరిని అధికారిగా పెట్టినా ఎవరో ఒకరి కార్‌పూల్ మనిషి అవుతాడని, తటస్థుడి కోసం రాష్ట్రాలు దాటి నన్ను పట్టుకున్నారు. ధన్యుణ్ణి. నా పొలిటికల్ సైన్స్ డిగ్రీని ఇంతవరకూ మా నాన్న తిట్టడానికి తప్ప ఎవరూ వాడుకోలేదు. పోయిన ఎన్నికల్లో వాట్సాప్ గ్రూపులో జరిగిన రక్తపాతం దృష్ట్యా ఈసారి సంభాషణ అంతా కాగితం మీదే అన్నారు. మంచిదే. ఉత్తరాన్ని ఎవరూ స్క్రీన్‌షాట్ తియ్యరు.

నేను ఒక సెమిస్టర్ ఎడింబరోలో వెలగబెట్టాను కనుక, స్కాట్లాండ్ పార్లమెంటు పద్ధతినే మీ మండలికి సైజు తగ్గించి కుట్టాను. మొత్తం ఏడు సీట్లు. నోవై, కాంటన్, ట్రాయ్, ఫార్మింగ్టన్ నాలుగు నియోజకవర్గాలు, ఊరికో సభ్యుడు. మిగతా మూడూ ప్రాంతీయ సీట్లు. వాటికి డెట్రాయిట్ చుట్టుపక్కలంతా కలిపి ఒకే ప్రాంతం. ప్రతి ఓటరుకీ రెండు ఓట్లు. మొదటిది తన ఊరి అభ్యర్థికి, రెండోది ఏదో ఒక ప్యానెల్‌కి. ఊళ్ళలో ఎక్కువ సీట్లు కొట్టేసిన ప్యానెల్ ప్రాంతీయ సీట్ల దగ్గర వెనక వరసలో నిలబడాలి. ఓట్లు వచ్చి కూడా సీట్లు రానివాళ్ళకి ముందు వరస. చివరికి ఏడుగురూ కలిసి అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. కనీసం రెండు ప్యానెళ్ళు లేకపోతే ఎన్నిక చెల్లదు.

విధేయుడు
హర్షిత్

తా.క. ‘ఏకగ్రీవం’ అనే మాట నిబంధనల్లో ఎక్కడా లేదు. దయచేసి వెతక్కండి.

*

నోవై, మిషిగన్

చిరంజీవి హర్షిత్‌ని అంకుల్ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమూ మంచూ క్షేమం. నాయనా, నేను అధ్యక్షుణ్ణి కావడం నా కోసం కాదు. ఉగాది సభలో స్వాగతోపన్యాసం అధ్యక్షుడిది. ‘మన సంస్కృతి: ఒక పరిచయం’ అని స్లైడ్స్ చేశాను. పోయినేడు మొదటి భాగం కాగానే, పులిహోర చల్లారిపోతోందని మైక్ చూసుకునే కుర్రాడు వినీత్ ఆఫ్ చేసేశాడు. మిగతాది ఈ ఏడు చెప్పకపోతే మన సంస్కృతి సగంలో ఆగిపోతుంది. అదీ నా బాధ.

రెండో ప్యానెల్ కావాలన్నావు కాబట్టి మా ఆవిడ ఛాయాదేవిని నిలబెట్టాను. డమ్మీ నామినేషన్ మన వాళ్ళకి కొత్తా? నాది ‘సేవా ప్యానెల్’. తన ప్యానెల్‌కి ఏదో ఒక పేరు పెట్టమంటే ‘ముందు భోజనం’ అని రాసింది. ఇద్దరం నవ్వుకున్నాం. నేను ఎక్కువ నవ్వాను.

ఒక్క డౌటు. ఊరి సీటంటే ఎమ్మెల్యే, ప్రాంతీయ సీటంటే ఎంపీ, అంతేగా? నా స్థాయికి ఒక్క నోవైకి ప్రతినిధి అంటే బాగుండదు. నా పేరు రెండు చోట్లా వెయ్యి.

ఇట్లు
కోటేశ్వరరావు

తా.క. రెండు ఓట్లూ నాకే వెయ్యాలనుకునేవాళ్ళకి మూడోది ఏమైనా ఇస్తావా?

*

ప్లెయిన్స్‌బరో

పూజ్యులైన అంకుల్ గారికి,

మూడో ఓటు లేదు. ఎమ్మెల్యే, ఎంపీ తేడా కూడా లేదు. ఏ తలుపులోంచి వచ్చినా లోపల కుర్చీ సైజు ఒకటే. మీరు రెండు చోట్లా పోటీ చెయ్యవచ్చు. అయితే నోవైలో గెలిస్తే ప్రాంతీయ జాబితాలోంచి మీ పేరు కొట్టేస్తాను. ఒక మనిషికి రెండు కుర్చీలు వెయ్యడం స్కాట్లాండులో కూడా కుదరలేదు.

భవదీయుడు
హర్షిత్

తా.క. ఆంటీ గారి నామినేషన్ అందింది. నాలుగు ఊళ్ళకీ అభ్యర్థులు, ప్రాంతీయ జాబితా, సంతకాలు, అన్నీ సక్రమం. ఇంత పద్ధతైన డమ్మీని నేను ఎరగను. దాంతోపాటు నిబంధనలకి ఒక చిన్న సవరణ కూడా పంపారు. బాగుందని చేర్చి మీకూ కాపీ పెట్టాను. చదవరని తెలుసు, అయినా పెట్టాను.

*

నోవై

చిరంజీవి హర్షిత్‌కి దీవెనలు.

నువ్వు ‘తేడా లేదు’ అని రాసినప్పుడే అర్థమైంది, తేడా ఉందని. అధికారులు అలాగే రాస్తారు. కాబట్టి ఆ పెద్ద సీటు కోసం నేను నోవైలో ఓడిపోవడానికి నిశ్చయించుకున్నాను.

ఓడితే ప్రాంతీయ సీటు గ్యారంటీయేనా అని మా ఆవిడని అడిగాను. పొద్దున్న టిఫిన్ దగ్గర చూపించింది. నా ప్లేటులో మూడు ఇడ్లీలు వేసి, తన ప్లేటు ఖాళీగా పెట్టుకుంది. “ఇప్పుడు గిన్నెలో ఇంకో ఇడ్లీ ఉంటే ఎవరికి వెయ్యాలండీ?” అంది. “నీకే” అన్నాను. “చూశారా! మీవాళ్ళు మిగతా మూడు ఊళ్ళూ గెలిచేస్తే ప్రాంతీయ సీటు వడ్డించేటప్పుడు మీ వంతు ఎప్పటికొస్తుందో ఏమో” అంది. నిజమే సుమా! నేనొక్కణ్ణే ఓడితే చాలదన్నమాట. మావాళ్ళందరూ ఓడాలి. అప్పుడు ఖాళీ ప్లేటు నాది.

రేపటి నుంచే ప్రచారం మొదలుపెడుతున్నాను.

ఇట్లు
కోటేశ్వరరావు

తా.క. ఆ నాలుగో ఇడ్లీ ఆవిడే తింది.

*

ప్లెయిన్స్‌బరో

అంకుల్ గారికి అత్యవసరంగా,

నేను తటస్థుణ్ణి. ఏ ప్యానెల్‌కీ సలహా చెప్పకూడదు. అందుచేత ఈ ఉత్తరంలో లెక్కల సౌందర్యం గురించి మాత్రమే ముచ్చటిస్తాను. ఏడు ఎంత చక్కని అంకె! దాన్ని ఎలా విడదీసినా ఒక వైపు ఎక్కువే వస్తుంది. నాలుగు అనేది మూడు కన్నా పెద్దది. ఇది ఎడింబరోలోనూ నిజం, నోవైలోనూ నిజం. అధ్యక్షుణ్ణి ఎన్నుకునేవాళ్ళు ఏడుగురు అని మొదటి ఉత్తరంలో రాసినట్టు గుర్తు. ఊరికే గుర్తు.

తటస్థుడు
హర్షిత్

తా.క. నాలుగు. మూడు. మళ్ళీ చదవండి.

*

నోవై

చిరంజీవి హర్షిత్‌కి,

నీ లెక్కల ఉత్తరం అందింది. ఒంటరిగా ఉంటే ఇలాగే ఉంటుంది బాబూ, త్వరగా పెళ్ళి చేసుకో.

ప్రచారం దివ్యంగా సాగుతోంది. ఇంటింటికీ వెళ్ళి, “అమ్మా, మొదటి ఓటు మాకు మాత్రం వెయ్యకండి, మా ఆవిడ ప్యానెల్‌కి వెయ్యండి” అని చేతులు జోడిస్తున్నాను. ఇన్నేళ్ళలో ఏం అడిగినా బేరమాడిన జనం, ఇది అడగ్గానే ఒప్పుకుంటున్నారు. కొందరైతే నేను నోరు తెరవకముందే ఒప్పుకున్నారు. కాంటన్‌లో తార గారు కళ్ళనీళ్ళు పెట్టుకుని, “ఇంత మాట మీ నోట వింటాననుకోలేదు అన్నయ్యగారూ” అన్నారు.

మావాళ్ళకి నచ్చజెప్పడమే కష్టమైంది. ట్రాయ్‌లో మా అభ్యర్థి రాధాకృష్ణ, “అన్నా, గెలిచేటోణ్ణి ఓడమంటవేంది? నెత్తి గిట్ల ఖరాబైందా?” అన్నాడు. నీ నిబంధనలు చూపించాను. చదవలేక ఒప్పుకున్నాడు.

రెండో ఓటుకి దిగుల్లేదు. మా ఇంట్లో భోంచెయ్యని తెలుగువాడు ఈ చుట్టుపక్కల లేడు. ఆలుమగల్లో ఒకరికేసి ఇంకొకరికి ఎగ్గొట్టడానికి ఎవరికి మొహం చెల్లుతుంది? ఒకటి ఆవిడకి, ఒకటి నాకు.

ఇట్లు
విజయానికి చేరువలో
కోటేశ్వరరావు

తా.క. ఛాయ కూడా నాతో ఇంటింటికీ వస్తోంది. నేను మాట్లాడుతుంటే వెనకాల నిలబడి బూరెలు పంచుతోంది. పాపం, డమ్మీ అయినా ఎంత సాయం!

*

ప్లెయిన్స్‌బరో
మార్చి

గౌరవనీయులైన కోటేశ్వరరావు గారికి,

ఫలితాలు ప్రకటించడానికి గర్విస్తున్నాను, కొంచెం సిగ్గుపడుతున్నాను కూడా. నాలుగు నియోజకవర్గాలూ ‘ముందు భోజనం’ ప్యానెల్ గెలుచుకుంది. నోవైలో మీకు ఒకే ఒక్క ఓటు వచ్చింది. అది మీరు వెయ్యలేదని నా నమ్మకం. మూడు ప్రాంతీయ సీట్లూ మీ ప్యానెల్‌కే వచ్చాయి. జాబితాలో మొదటి పేరు మీదే. మీరు కోరుకున్నది అక్షరాలా జరిగింది. అభినందనలు.

ఆ తర్వాత ఏడుగురూ సమావేశమై, నాలుగు చేతులు అటు, మూడు చేతులు ఇటు లేవగా శ్రీమతి ఛాయాదేవి గారిని అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. మీరు ప్రతిపక్ష నాయకులు.

దుఃఖంలో పాలు పంచుకుంటూ
హర్షిత్

తా.క. ఆ ఒక్క ఓటు తనదేనని ఆంటీ ఫోన్ చేసి చెప్పారు. రహస్య ఓటింగని చెప్పినా వినలేదు. “ఎంతైనా ఆయన కదా బాబూ” అన్నారు.

*

నోవై
ఉగాది మర్నాడు

చిరంజీవి హర్షిత్‌కి,

నీ ఉత్తరం వచ్చిన రోజు గరాజ్‌లోకి వెళ్ళి మంచు తీసే మిషన్ విప్పి మళ్ళీ బిగించాను. ఒక స్క్రూ మిగిలింది. నీ మీద కోపం అంతకంటే ఎక్కువే మిగిలింది. స్లైడ్స్ డిలీట్ చేద్దామని కంప్యూటర్ ముందు కూర్చున్నాను కూడా. ఛాయ వచ్చి నిబంధనల్లో ఆఖరి పేజీ ముందు పెట్టింది. “సభలో అధ్యక్షుల మాటలకి రెండు నిమిషాలు గడువు. ప్రతిపక్ష నాయకుడి జవాబుకి కాలపరిమితి లేదు. మైక్ ఎవరూ కట్ చెయ్యరాదు.”

నిన్న సభ జరిగింది. ముందు భోజనాలు. పులిహోర వేడిగా ఉంది, నా అధ్యక్షతలో నేనెప్పుడూ అలాంటిది తినలేదు. తర్వాత అధ్యక్షురాలు లేచి, “అందరూ కడుపునిండా తిన్నారా? సంతోషం. ఇక ప్రతిపక్షం” అని కూర్చుంది. అంతే ఉపన్యాసం. చప్పట్లకి కప్పు ఎగిరింది.

నేను లేచేసరికి జనం కోట్లు వెతుక్కుంటున్నారు. అప్పుడు ఛాయ మళ్ళీ మైక్ అందుకుని, “కిళ్ళీల శాఖ ప్రతిపక్షానికి అప్పగించాం” అని ప్రకటించింది. కిళ్ళీల పెట్టె తెచ్చి నా పోడియం మీద పెట్టింది. కోట్లు విప్పి అందరూ కూర్చున్నారు.

రెండో భాగం మొత్తం చెప్పాను నాయనా. ఆఖరి స్లైడు దాకా. ఆకలి మొహాలు కాదు, నిండు పొట్టలు. కొందరు నిద్రపోయారు, ప్రశాంతంగా నిద్రపోయారు. వినీతే మైక్ పక్కన కాపలా నిలబడ్డాడు. చివర్లో నా జీవితంలో మొదటిసారి శ్రోతల్లోంచి ఒక చెయ్యి లేచింది. “అంకుల్, కిళ్ళీలు ఇప్పుడా, క్వశ్చన్స్ తర్వాతా?” అని అడిగాడు వినీతే. అయినా ప్రశ్న ప్రశ్నే.

ఇట్లు
ప్రతిపక్ష నాయకుడు
కోటేశ్వరరావు

తా.క. కారులో వస్తూ, ఆ ఆఖరి పేజీ హర్షిత్ భలే రాశాడని మెచ్చుకున్నాను. ఛాయ డ్రైవ్ చేస్తూ రేడియో సౌండు పెంచింది. ఇంటికొచ్చి నీ పాత ఉత్తరం తీసి చూస్తే తెలిసింది ఆ సవరణ ఎవరు పంపారో. ఈ సంగతి నాకు తెలిసిందని ఆవిడకి చెప్పకు. వచ్చే ఎన్నికల్లో కూడా నన్ను ప్రాంతీయ జాబితాలోనే వెయ్యి. మూడో భాగం స్లైడ్స్ మొదలుపెట్టాను. ఓడిపోవడానికి ఇప్పటి నుంచే కష్టపడాలి.