గేటమ్మ

కాల్డర్స్ వెల్,
మార్చి

మార్గో అక్కకి,

పిండి బస్తాల మధ్య నలిగి, ఎర్రదుమ్ము పూసుకుని నీ ఉత్తరం టపా లారీలో చేరింది. "ఇంకా బుద్ధి రాలేదా?" అని అడిగావు. రాలేదు. నలభై ఆరేళ్ళ వయసులో, యూనివర్సిటీలో తత్వశాస్త్రం చెప్పే ఉద్యోగం మానేసి, మెల్‌బోర్న్‌లో ఇల్లు అమ్మించి, ఎడారి నడుమ ఈ నూటయాభై ఏళ్ళ రాతికట్టడానికి రావాలని పట్టుబట్టింది నేను. మా ఆయన ఫెర్గస్ నా మొహం చూసి వచ్చాడు. ఒకప్పుడు తంతి వార్తలు అందుకున్న గదుల్లో ఇప్పుడు పక్కలు మారుస్తున్నాను, లారీలకి డీజిల్ పోస్తున్నాను, దారినపోయేవాళ్ళకి ఇక్కడి బారులో మాంసం పులుసు వడ్డిస్తున్నాను. ఇక్కడే ఉండిపోవాలని ఉంది అక్కా. దేన్నీ ఇంతగా కోరుకున్న అలవాటు లేదు, అందుకే భయం కూడా వేస్తోంది. ఏడాది చూసి, నచ్చితేనే ఉంచుకుంటానంది యజమానురాలు ఈనిడ్.

ఇక అసలు సంగతి. ఈ ప్రాంతంలో గేటు ఎలా కనిపిస్తే అలాగే వదిలి వెళ్ళాలి. తెరిచి ఉంటే తెరిచే, మూసి ఉంటే మూసే. పోయిన నెల ఫెర్గస్ పక్కనున్న పశువుల రైతు లైల్ మేతభూమి మీదుగా వస్తూ, తెరిచి ఉన్న గేటు మూశాడు. మర్యాద అనుకున్నాడు. నీళ్ళతొట్టి గేటుకి అవతల ఉండిపోయింది. నాలుగు రోజుల ఎండకి పశువులు కంచెకి మూతులు ఆనించి, వరసగా పడి చచ్చాయి. ఇంకా కళ్ళు తిప్పుతున్నవాటిని లైల్ తుపాకీతో కాల్చాడు. వాటిలో ఒకటి అతను సీసాతో పాలు పట్టి పెంచుకున్న ఆవు.

వాటిని కాల్చిన రోజే బారులోకి వచ్చి, టోపీ అయినా తీయకుండా, "ఎవరు మూశారు?" అన్నాడు. ఫెర్గస్ గ్లాసు కిందపెట్టి నావైపు చూశాడు.

"నేనే," అన్నాను.

నేను లాక్కొచ్చిన మనిషి కదా. మగవాడినైతే చితగ్గొట్టి తరిమేస్తారు, ఆడదాన్నైతే నాలుగు తిట్టి మరిచిపోతారు అనుకున్నాను. ఈ మాట నీకు తప్ప ఎవరికీ తెలియదు.

నీ రొవీనా


కాల్డర్స్ వెల్,
మే

అక్కా,

ఫెర్గస్ ఏమన్నాడని అడిగావు. ఆరోజు నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. "కాస్త ఆగు రొవీనా, వాళ్ళు చల్లబడగానే నేనే చెప్పేస్తాను," అన్నాడు. ఆగాను.

నా పేరు ఇప్పుడు గేటమ్మ. "గేటమ్మా, తలుపు వేసి పోమంటావా, తీసి పోమంటావా?" అని ప్రతివాడూ గుమ్మంలో నిలబడి అడుగుతాడు. నేను వడ్డించిన పళ్ళేన్ని లైల్ కిందపెట్టి కుక్కకి తోస్తాడు. ఫెర్గస్‌కి మాత్రం కొత్త ప్రాణం వచ్చింది. లైల్ బోరు మోటారు బాగుచేశాడు. అప్పటినుంచి అతను "మనవాడు".

నిన్న టూరిస్టుల బస్సు ఆగింది. బల్లల మధ్య నిలబడి అతను చెబుతున్నాడు: "మా ఆవిడ తత్వశాస్త్రం చదివిందండీ. అసలు గేటనేది ఉందా లేదా అని చాలాసేపు ఆలోచించింది. ఉందని తేలాక మూసేసింది."

బారంతా గొల్లుమంది. జోకు బాగుందక్కా. అదే బాధ.

అడిగితే, "నవ్విస్తే త్వరగా మరిచిపోతారు రొవీనా. నీకోసమే," అన్నాడు. కావచ్చు. నిజంగా నాకోసమేనేమో అని పొద్దుటినుంచీ ఆలోచిస్తున్నాను.

రొవీనా


కాల్డర్స్ వెల్,
జూలై

అక్కా,

ఈనిడ్ వంటింట్లో బంగాళాదుంపలు చెక్కుతూ, తలెత్తకుండా చెప్పింది: "గురువారం టపా లారీలో నీకు చోటు ఉంచమన్నాను."

"ఫెర్గస్‌కో?"

"అతను ఉంటాడు."

అప్పుడు నోరు విప్పాను. గేటు మూసింది నేను కాదన్నాను.

"తెలుసులేమ్మా. గేటు మూసిన రోజు నువ్వు జ్వరంతో పడి ఉంటే మాత్ర మింగించింది నేనేగా."

"తెలిసి కూడానా?"

"జనరేటరు ఆగిపోతే దాన్ని లేపేవాడు నాకు మళ్ళీ దొరకడు. పక్కలు మార్చేవాళ్ళు ప్రతి బస్సులోనూ దిగుతారు. ఎవరో ఒకరు పోకపోతే లైల్ మనుషులు నా గడప తొక్కం అంటున్నారు. నువ్వేమో అడక్కుండానే ముందుకొచ్చావు." ఇంకో దుంప నా ముందుకి దొర్లించింది. "చెక్కు పల్చగా తియ్యి."

చేతులు కడుక్కుని బారులోకి నడిచాను. అందరూ ఉన్నారు.

"గేటు మూసింది ఫెర్గస్," అన్నాను.

లైల్ అతనివైపు తిరిగాడు. ఫెర్గస్ మొహం పాలిపోయింది. ఒక్క క్షణమే. తర్వాత నా దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యేసి, పసిపిల్లకి చెప్పినట్టు అన్నాడు: "సరే రొవీనా. నేనే మూశాను. నీ మనసు కుదుటపడుతుందంటే నా పేరే చెప్పుకో."

ఎవరూ నావైపు చూడలేకపోయారు. లైల్ లేచి వచ్చి అతని వీపు తట్టాడు. "ఎలా భరిస్తున్నావయ్యా ఈవిడని?" అన్నాడు. మూలనుంచి ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఈనిడ్ వచ్చి ఫెర్గస్ గ్లాసు నింపింది. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి నిజమైన నీళ్ళేనక్కా, ఇన్నేళ్ళు కాపురం చేసినదాన్ని, నాకు తెలుసు. తను చెప్పినదాన్ని తనే నమ్మేశాడు.

అంత మంచివాడి మాట ముందు నాకే సందేహం వచ్చింది, మూసింది నేనేనేమోనని. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. కాసేపటికి చూసుకుంటే, నా చేతులు కూడా చప్పట్లు కొడుతున్నాయి.

గురువారం బయల్దేరుతున్నాను.

రొవీనా