లోపలి గడియ

చిరంజీవి చిన్నాకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మీ అమ్మ, చెల్లి, నేను కులాసాగానే ఉన్నాం. నువ్వూ కులాసా అని రాశావు. అక్కడే నాకు అనుమానం.

అమ్మ మోకాలి నొప్పి గురించి అడిగావు. తగ్గిందట. మెట్లెక్కేటప్పుడు మాత్రం నన్ను తిడుతోంది. మన తాళాల కొట్టు సంగతి అడిగావు. జనం తాళంచెవులు పారేసుకుంటున్నంత కాలం మనకు ఢోకా లేదు.

ఇక మీ కాలేజీ ఆనవాయితీ. ఆదివారం సాయంత్రం హాస్టల్లో తలుపులన్నీ బార్లా తెరిచిపెట్టి, ఎవరు ఎవరి గదిలోకైనా వెళ్ళి టీ తాగడమా? ఇదెవరో దొంగ పెట్టిన ఆచారంలా ఉంది! ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. అందుకే గదా, నిన్ను దింపడానికి వచ్చిన రోజునే నీ తలుపుకు లోపల ఇత్తడి గడియ బిగించి వచ్చాను.

కానీ నీ ఉత్తరాలు మళ్ళీ మళ్ళీ చదివితే ఇంకో అనుమానం పట్టుకుంది. వాళ్ళు పాడారు, వాళ్ళు నవ్వారు, వాళ్ళు పేకాడారు అంటావు. నువ్వేం చేశావో ఒక్క ముక్క ఉండదు.

నీకు చెప్పని మాట ఒకటుంది. మొన్న ఆదివారం సరుకు కొనాలని మీ అమ్మతో అబద్ధమాడి మీ హాస్టలుకు వచ్చాను. మెట్ల దగ్గరే ఒక కళ్ళజోడు కుర్రాడు నా చేతిలో కప్పు పెట్టాడు. ఎవరని కూడా అడగలేదు. నేను వాసన చూసి మరీ తాగాను. వరండాలో తలుపులన్నీ తెరిచే ఉన్నాయి, నీది తప్ప. నీ గడప దగ్గర మూతపెట్టిన కప్పు ఉంది.

"ఆ గదిలో ఎవరూ లేరా బాబూ?" అని వెంట వచ్చిన ఆ కుర్రాణ్ణే అడిగాను.

"ఉన్నాడండీ. లోపల గడియ పెట్టుకుంటాడు. మంచోడే, మమ్మల్నే నమ్మడు. టీ అక్కడ పెట్టేసి వస్తాం. పొద్దున్నకల్లా కప్పు కడిగి బయట పెడతాడు."

"ఇట్లా ఎన్నాళ్ళు పెడతారు?"

"తలుపు తీసేదాకా అండీ. నాకూ అట్లాగే పెట్టారు."

సగం కప్పు కింద పెట్టేశానురా. నిన్ను ఒంటరివాణ్ణి చేసింది నా గడియే. తలుపు తట్టబోయి ఆగిపోయాను. నేను తడితే నాన్న కోసం తీస్తావు, వాళ్ళ కోసం కాదు.

దీనితోపాటు స్క్రూడ్రైవర్ పంపుతున్నాను. ఆదివారంలోగా ఆ గడియ విప్పి నాకు పంపించెయ్. ఇక్కడ దానికి గిరాకీ ఉంది. అన్నట్టు, మీ టీలో చక్కెర మరీ ఎక్కువ. ఆ మాట కళ్ళజోడు కుర్రాడికి నువ్వే చెప్పాలి.

ఇట్లు,
మీ అమ్మ మాటల్లో అనుమానపు పక్షి,
నాన్న